నీడలో ఎర్రపండ్లు: అగ్లోనిమాకు కాసిన కాయలను ఉంచాలా, తీసేయాలా?

గంటస్తంభం వీధి (విజయనగరం), జనవరి 19

సభ్యులందరికీ నమస్కారం. మాది పాత పెంకుటిల్లు. ఉత్తరపు వసారాలో, నూతి గట్టుకు ఆనుకొని ఉన్న కుండీలో తొమ్మిదేళ్లుగా ఒక అగ్లోనిమా మొక్క పెరుగుతోంది. ఆకుపచ్చ ఆకుల మీద వెండి చారలుండే పాత రకం అది. అక్కడ సూర్యుడి ఎండ నేరుగా ఎప్పుడూ పడదు. పొద్దున్న మాత్రం ఎదురింటి సున్నపు గోడ మీద పడిన వెలుతురు తిరిగి వచ్చి ఆకులను తాకుతుంది. ఇన్నేళ్లలో అది ఆకులు తప్ప మరేమీ ఇవ్వలేదు, మేమూ అడగలేదు. మొన్న పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చుట్టాలు వచ్చినప్పుడు, ఆకుల మొదళ్లలో పచ్చని కాయల గుత్తి ఒకటి ఉన్నట్టు మా ఆడపడుచు చూసి చెప్పింది. అవి సంక్రాంతికల్లా పసుపురంగు తిరిగి, ఆ తరువాత నారింజరంగులోకి మారి, ఇప్పుడు కుంకుమ ముద్దల్లా ఎర్రబడ్డాయి. ఒక్కొక్కటి చిన్న రేగుపండంత ఉంది, కాకపోతే కాస్త కోలగా ఉంది. లెక్కపెడితే మొత్తం పదకొండు ఉన్నాయి.

ఇప్పుడు ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. కాపుకొచ్చిన అరటిచెట్టు ఎలా పోతుందో ఇదీ అలాగే పోతుందనీ, వెంటనే గుత్తి కోసేయాలనీ మా అత్తగారి అభిప్రాయం. నాకు మాత్రం చేతులు రావడం లేదు. పైగా దాని పక్కనే ఉన్న ఎర్ర అంచుల లిప్‌స్టిక్ రకానికి అదే నీరు, అదే నీడ ఇస్తున్నా, పూసిన పూత పూసినట్టే ఎండిపోతోంది. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

బొబ్బిలి నర్సరీ (బొబ్బిలి), జనవరి 19

అమ్మా, నేను మొక్కలు అమ్ముకొనేవాణ్ణి కాబట్టి మా పద్ధతి ముందుగా చెబుతాను. మా దగ్గర అగ్లోనిమాకు పూత కనిపించగానే చిటికెన వేలంత ఉండగానే తీసేస్తాం. కొనేవాళ్లు ఆకు చూసి కొంటారు. పూతకూ కాయకూ బలం మళ్లితే కొత్త ఆకులు రావడం మందగిస్తుంది, ఆకు పరిమాణమూ కొంత తగ్గుతుంది. కడియం నుంచి తెచ్చిన మొక్కను నాలుగు నెలల్లో అమ్ముకోవలసిన నాకు ఆ ఆలస్యం నష్టమే. ఇంట్లో పెంచుకొనేవారికి ఆ తొందర లేదు. మొక్క బలంగా ఉంటే కాయలు ఉంచుకోవచ్చు. మొన్న మొన్ననే కుండీ మార్చినదో, జబ్బుపడి లేచినదో అయితే మాత్రం తీసేయడమే మంచిది.

విశ్రాంత బోటనీ (శ్రీకాకుళం), జనవరి 20

గంటస్తంభం వీధి గారి అత్తగారి పోలిక అందంగానే ఉంది కానీ ఇక్కడ వర్తించదు. అరటిలో ఒక్కొక్క బోదె ఒకే ఒక్కసారి గెల వేసి తన పని ముగిస్తుంది; ఆ తరువాత పిలకలే దానికి వారసులు. అగ్లోనిమా కాండం అలా కాదు. పూత వెళ్లిన చోట పక్క మొగ్గ అందుకొని ఎదుగుదలను కొనసాగిస్తుంది. అందుకే అదే మొక్క ఏటా పూయగలదు, కాయగలదు. ఏళ్ల తరబడి బతికే ఈ మొక్కకు కాపు మరణవార్త కాదు, కాస్త ఖర్చు మాత్రమే.

ఈ మొక్క కుటుంబం గురించి కూడా చెప్పుకోవాలి. మన చేమ, మన కంద, ఆంథూరియం పువ్వు, అన్నీ ఈ కుటుంబం లోనివే. ఆస్ట్రియాకు చెందిన హైన్రిఖ్ షాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1829లో ఈ ప్రజాతికి అగ్లోనిమా అని పేరు పెట్టాడు. గ్రీకు మాటల్లో దానికి మెరిసే దారం అని అర్థం. ఈశాన్య భారతం మొదలుకొని ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, న్యూగినీ దాకా దట్టమైన అడవుల అడుగున, పెద్ద చెట్ల నీడలో ఇవి సహజంగా పెరుగుతాయి. ఆకాశం కనిపించని చోట పుట్టిన మొక్క కాబట్టే మీ వసారా దానికి పుట్టిల్లులా ఉంది.

ఇక లిప్‌స్టిక్ రకం సంగతి. మీరు పువ్వు అనుకొనేది నిజానికి ఒక కంకి. దాని చుట్టూ లేత ఆకుపచ్చ డొప్ప ఉంటుంది. కంకి అడుగున ఆడ పువ్వులు, పైన మగ పువ్వులు ఉంటాయి. ఆడ పువ్వులు ముందు సిద్ధమవుతాయి, వాటి గడువు ముగిసే వేళకు మగ పువ్వులు పుప్పొడి రాలుస్తాయి. ఒకే కంకి తనకు తాను ఫలదీకరణ చేసుకోకుండా ప్రకృతి పెట్టుకొన్న ఏర్పాటు అది. పాత ఆకుపచ్చ రకాలు ఇళ్లలో ఎవరి సాయమూ లేకుండా కాయడం నేను చాలాసార్లు చూశాను. రంగుల సంకర రకాల విషయంలో అంత సులువు కాదు. మీ దగ్గర రెండు కంకులు రెండు మూడు రోజుల తేడాతో విచ్చుకొంటే, ముందు విచ్చినదాని పుప్పొడిని మెత్తని కుంచెతో తీసి, తరువాత విచ్చినదాని అడుగు భాగానికి అద్దండి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే పొద్దుటి పూట చేస్తే మేలు.

ఉద్దానం తోట (పలాస దగ్గర), జనవరి 22

చర్చ చదువుతుంటే నా మొక్కల కథ చెప్పాలనిపించింది. కాస్త పొడవైనది, మన్నించాలి.

మా పెరట్లో రెండు పనసచెట్లు, ఏడు కొబ్బరిచెట్లు ఉండేవి. వాటి కింద అగ్లోనిమాలు కుండీల్లో కాదు, నేలలోనే ఒక వరుసగా ఉండేవి. ఉద్దానపు ఇసుకనేలలో నీరు నిలవదు కాబట్టి వేరు కుళ్లు అంటే ఏమిటో మాకు తెలియదు. ఏటా కార్తీకంలో కాయలు కనిపించేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదుగా తీరం దాటింది. తెల్లారి చూస్తే పనసలు వేళ్లతో సహా పడి ఉన్నాయి, కొబ్బరిచెట్లలో రెండే మిగిలాయి. ఆ రోజుల్లో అగ్లోనిమాలను ఎవరు చూస్తారు? తోట పోయినవాడికి పూలకుండీ దుఃఖం ఉండదు. వారం తరువాత చూస్తే, చెట్టు మీద పడినా విరగని ఆ మొక్కలు ఎండకు పాడైపోతున్నాయి. ఆకులు మొదట పాలిపోయి, తరువాత గోధుమరంగు మచ్చలు పడి, చివరకు కాగితంలా పొడిపొడి అయ్యాయి. గాలికి పోనివి నీడ లేక పోయాయి.

మిగిలినవాటిని ఎలా కాపాడుకొన్నానో చెబుతాను, ఎండాకాలంలో ఎవరికైనా పనికొస్తుంది. నాలుగు వెదురు కర్రలు పాతి, గోనె సంచులు విప్పి కప్పుగా కట్టాను. మధ్యాహ్నం వాటి మీదే నీళ్లు చల్లేవాణ్ణి. కాలిన ఆకులను ఒక్కసారిగా కోయకుండా, కొత్త ఆకు వచ్చినకొద్దీ పాత ఆకును తీశాను. తరువాతి వేసవికి డెబ్బై ఐదు శాతం నీడనిచ్చే వల కొన్నాను. అగ్లోనిమాకు యాభై శాతం వల చాలదని నా అనుభవం. వెలుతురు ఎక్కువైతే మొక్క ముందే చెబుతుంది: మామూలుగా పక్కలకు వాలి ఉండే ఆకులు చేతులెత్తి దండం పెట్టినట్టు నిటారుగా నిలబడతాయి. ఆ గుర్తు కనిపించిన రోజే కుండీ జరిపితే ఆకు కాలదు.

ఒక తప్పు కూడా ఒప్పుకొంటాను. మా దగ్గర జీడిపిక్కల తొక్కు విరివిగా దొరుకుతుంది కదా అని తేమ నిలవడానికి మొక్కల మొదళ్లలో పరిచాను. జీడితొక్కులో ఉండే నూనె చేతి చర్మాన్నే పొక్కిస్తుందని పప్పు కొట్టే ఆడవాళ్లందరికీ తెలుసు, నాకే తోచలేదు. నెలలోపే మూడు మొక్కల లేత వేళ్లు నల్లబడ్డాయి. ఇప్పుడు కొబ్బరిపీచు ముక్కలు మాత్రమే వాడుతున్నాను, అదీ నీళ్లలో రెండు మూడుసార్లు నానబెట్టి పిండిన తరువాత. పీచులో ఉప్పు ఉంటుంది. సముద్రపు గాలి తగిలే మా ఊళ్లో ఇంకొంచెం ఉప్పు వేరే చెప్పాలా?

అడ్డాకు పెరడు (పార్వతీపురం), జనవరి 23

మా దగ్గర మామిడిచెట్టు నీడలో కూడా ఎర్రపండ్ల మొక్క ఒకటి ఉంది. ఎవరూ నాటలేదు, తనంతట తానే వచ్చింది. మోకాలెత్తున ఉంది. పండ్లు మిరియపు గింజంత ఉండి, పొడవైన వేలాడే గుత్తుల్లో గాజు పూసల్లా మెరుస్తున్నాయి. ఒకే కొమ్మ మీద తెల్లని పువ్వులూ పండ్లూ ఒకేసారి కనిపిస్తాయి. పిగిలిపిట్టలు రోజూ వచ్చి తింటాయి. ఇదీ అగ్లోనిమా జాతేనా? దీనికీ మీరు చెప్పిన పోషణే చేయాలా?

విశ్రాంత బోటనీ (శ్రీకాకుళం), జనవరి 23

కాదండీ. మీ వర్ణనను బట్టి అది రివీనా హ్యూమిలిస్ అనే మొక్క. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి అలంకారం కోసం ప్రపంచమంతా తిరిగి, మన దేశంలో తోటల కంచె దాటి బయటపడింది. పండును వేళ్ల మధ్య నలిపి చూడండి, ఎర్రసిరాలా రంగు అంటుతుంది. నీడలో హాయిగా పెరగడం, ఏళ్ల తరబడి బతకడం, పండ్లు అందంగా ఉండడం, ఇవన్నీ నిజమే. అయితే దానికి పోషణ అవసరం లేదు, అదుపు అవసరం. పిట్టలు గింజలను ఎక్కడ రాలిస్తే అక్కడ మొలుస్తుంది. మీది కొండల పక్క ఊరు. అందంగా ఉందనుకొంటే ఒక కుండీలో పెట్టుకొని, పండ్లు ముదరకముందే గుత్తులు కత్తిరించండి. మిగిలినవి వేళ్లతో సహా పీకేయండి. పిల్లలను దాని పండ్లు నోట పెట్టనివ్వకండి, అవి తినదగినవి కావు.

ఇదే అలవాటులో పెరిగే ఆర్డీసియా అనే పొద కూడా నర్సరీల్లో కనిపిస్తుంది. క్రెనేటా అనే తూర్పు ఆసియా రకం ఎర్రపండ్లతో నెలల తరబడి కళకళలాడుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో అది తోటలు దాటి అడవుల్లోకి చొరబడి పెద్ద తలనొప్పిగా మారింది. అందానికి వెల ఉంటుందని ముందే తెలుసుకొని కొనడం మేలు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం), జనవరి 24

పండ్ల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక చేయాలి. మా ఇంట్లో అగ్లోనిమా కాయలు పండినప్పుడు మూడేళ్ల మనవడు ఒకటి కొరికాడు. మింగలేదు. క్షణంలో పెదవులు ఉబ్బి, నోరు మండిపోతోందని ఏడుపు అందుకొన్నాడు. నోరు నీళ్లతో పుక్కిలింపజేసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాం, సాయంత్రానికి నెమ్మదించింది. పచ్చి కంద ముక్క నోట పెట్టుకొంటే ఏమవుతుందో ఇదీ అంతేనని డాక్టరు గారు చెప్పారు. ఆకులో, కాండంలో, కాయలో కంటికి కనిపించని సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయట. కందకైతే ఉడకబెట్టడం, చింతపండు వేయడం మన పెద్దలకు తెలిసిన విద్యే. దీన్ని ఎవరూ వండరు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. ఇంట్లో పాకే పిల్లలు, పిల్లులు ఉంటే గుత్తిని కోసేయడమో, కుండీని గోడ మీదకు ఎక్కించడమో చేయండి. కొమ్మ కత్తిరించేటప్పుడు వచ్చే రసం కంటికి తగలకుండా చూసుకోండి.

గంటస్తంభం వీధి (విజయనగరం), జనవరి 25

అందరికీ కృతజ్ఞతలు. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, అందుచేత గుత్తి ఉంచాలని తీర్మానించాం. అరటికీ దీనికీ తేడా మాస్టారు చెప్పినట్టే చదివి వినిపించాను. అత్తగారు ఒప్పుకోలేదు కానీ కత్తి మాత్రం పక్కన పెట్టారు. ఇప్పుడు గింజల సంగతి చెప్పండి. వీటిని ఎండబెట్టి జూన్ వానలకు విత్తవచ్చునా?

బొబ్బిలి నర్సరీ (బొబ్బిలి), జనవరి 25

ఎండబెట్టారంటే అంతే సంగతులు. ఇది పనసపిక్క లాంటిది. తడి ఆరితే లోపలి ప్రాణం పోతుంది. పండు తొక్క, గుజ్జు తీయగానే లోపల పచ్చగా ఒకే ఒక్క పెద్ద గింజ ఉంటుంది. గుజ్జు పూర్తిగా కడిగి, అదే రోజు విత్తాలి. గుజ్జు మిగిలితే బూజు పడుతుంది. ఆ పని చేసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి.

ఇప్పుడే తొందరపడకండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పటిదాకా పండ్లు మొక్క మీదే ఉండనివ్వండి, అవి అంత తొందరగా రాలవు. చలిలో విత్తితే గింజ మొలవక ముందే కుళ్లే అవకాశం ఎక్కువ. కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, కడిగిన ముతక ఇసుక ఒక పాలు కలిపి, గింజను సగం మాత్రమే లోపలికి నొక్కి, పైన గాజు పలక గానీ పాలిథీన్ కాగితం గానీ కప్పండి. నెల నుంచి రెండు నెలల్లో మొలక వస్తుంది. మొలిచినవి తల్లిలాగే ఉంటాయని ఆశ పెట్టుకోకండి. సంకర రకాల గింజలకు చారలు ఎటైనా తిరగవచ్చు. అచ్చం తల్లిలాంటి మొక్కే కావాలంటే వానాకాలంలో జానెడు కాండం ముక్క కోసి నాటడమే దారి.

సాలూరు లారీ (సాలూరు), జనవరి 27

గాలిని శుభ్రం చేస్తుందని నాసా చెప్పిందంటూ మా ఆవిడ పడకగదిలో నాలుగు అగ్లోనిమాలు పెట్టింది. కాయలు రావు సరికదా, దిగువ ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. వారానికి ఐదుసార్లు నీళ్లు పోస్తున్నాం, చాలడం లేదా?

విశ్రాంత బోటనీ (శ్రీకాకుళం), జనవరి 27

చాలకపోవడం కాదు, ఎక్కువైంది. చీకటి గదిలో మొక్క నీటిని నెమ్మదిగా తాగుతుంది. మీరు పోసినది వేళ్ల దగ్గర నిలిచి, గాలి అందక వేరు కుళ్లుతోంది. పై మట్టి రెండు అంగుళాల లోతు ఆరిందని వేలు పెట్టి చూసుకొన్న తరువాతే నీరు పోయండి. ఈ చలి నెలల్లో పది రోజులకొకసారి కూడా సరిపోవచ్చు. నీడను ఇష్టపడే మొక్క అంటే చీకటిలో కూర్చోబెట్టే మొక్క అని కాదు. పుస్తకం చదువుకోగలిగినంత వెలుతురు ఉంటే ఆకు బతుకుతుంది. పూత, కాయ కావాలంటే కిటికీ పక్కనో వసారాలోనో అంతకు మించిన వెలుతురు ఉండాలి.

నాసా మాట: 1989లో వారు చేసిన ప్రయోగంలో ఈ మొక్క ఉన్న మాట వాస్తవమే. అది గాలి చొరబడకుండా మూసిన చిన్న గదుల్లో జరిగింది. మామూలు ఇంట్లో కిటికీ తెరిస్తే జరిగే పనిని కుండీ మొక్కలు చేయలేవని 2019లో అమెరికా పరిశోధకులు పాత ప్రయోగాలను తిరిగి లెక్కకట్టి తేల్చారు. మీ ఆవిడ గారితో ఇది మెల్లగా చెప్పండి. మొక్కలను మాత్రం గదిలోంచి వసారాలోకి మార్చండి.

అడ్డాకు పెరడు (పార్వతీపురం), జనవరి 28

మాస్టారూ, రివీనాను పీకేశాను, ఒక్క కుండీలో ఉంచాను. అగ్లోనిమా కూడా తెచ్చుకొన్నాను. మా దగ్గర రాత్రి చలి మీ తీరప్రాంతం కంటే ఎక్కువ. పాత ఆకుల మీద నూనె పడినట్టు బూడిదరంగు మచ్చలు వచ్చాయి. తెగులు మందు కొట్టాలా?

బొబ్బిలి నర్సరీ (బొబ్బిలి), జనవరి 28

మందు వద్దు, అది చలి దెబ్బ. పదిహేను డిగ్రీల కంటే తగ్గిన రాత్రుల్లో ఆ మొక్క ఆరుబయట ఉండకూడదు. సాయంత్రం లోపలికి తీసుకోండి, మంచు పడే చోట ఉంచకండి, నీరు పొద్దున్నే పోయండి. మచ్చ పడిన ఆకు మళ్లీ కోలుకోదు. వేసవిలో కొత్త ఆకు వచ్చాక దాన్ని తీసేయవచ్చు. ఆకు మొదళ్లలో తెల్లని దూది ఉండల్లా కనిపిస్తే అది పిండినల్లి. దానికి మాత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి వారానికొకసారి మూడు వారాలు కొట్టాలి. కాయల గుత్తి లోపల అది దాక్కొంటుంది, అక్కడ కూడా చూడండి.

గంటస్తంభం వీధి (విజయనగరం), జులై 6

చాలాకాలానికి వచ్చాను. శివరాత్రి వెళ్లిన వారానికి పండ్లు కోశాను. పదకొండింటిలో రెండు గింజలు లోపలే నల్లగా ఉన్నాయి, తొమ్మిది విత్తాను. నలభై రోజుల దాకా ఏమీ కనిపించలేదు. కప్పిన కాగితం తీసి చూడాలని రోజూ చెయ్యి దురద పుట్టేది. రెండుసార్లు తీశాను కూడా, ఆ రెండు చోట్లా గింజలు ఎండిపోయాయి. మిగిలిన ఏడింటిలో ఆరు మొలిచాయి. ఇప్పుడు ఒక్కొక్క దానికి రెండేసి ఆకులున్నాయి. నాలుగు తల్లిలాగే వెండి చారలతో ఉన్నాయి, రెండింటికి చారలే లేవు, ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. తల్లి మొక్క చక్కగా ఉంది. దాని మొదట్లో రెండు కొత్త పిలకలు కూడా లేచాయి. వాటిని చూసి మా అత్తగారు, ఇది అరటే కదా, పిలకలు వేసింది చూడమన్నారు. నేను వాదించలేదు.

లిప్‌స్టిక్ రకానికి కుంచెతో పుప్పొడి అద్దే ప్రయత్నం చేశాను. రెండు కంకులు నాలుగు రోజుల తేడాతో వచ్చాయి, అప్పటికి ఆలస్యమైపోయింది. మళ్లీ పూసినప్పుడు చూస్తాను.

చారలు లేని రెండు పిల్లమొక్కల్లో ఒకటి ఉద్దానం తోట గారికి ఇవ్వాలని ఉంది. వారు వచ్చే నెల విజయనగరం వస్తున్నారని వేరే చర్చలో చదివాను. ప్రయాణంలో దానికి దెబ్బ తగలకుండా ఎలా కట్టాలి?

ఉద్దానం తోట (పలాస దగ్గర), జులై 7

తప్పకుండా తీసుకొంటాను. కట్టడం పెద్ద పనేమీ కాదమ్మా. ముందురోజు నీరు పోయకండి. కుండీ నోటి మీద తడి గుడ్డ చుట్టి, మొక్కను పాత వార్తాపత్రికతో వదులుగా గొట్టంలా చుట్టి ఇవ్వండి, నేను బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చుకొంటాను. ఇక్కడ కొత్తగా నాటిన పనసకు ఇప్పుడు రెండు నిలువుల ఎత్తు వచ్చింది. దాని కింద ఉత్తరం వైపు చోటు ఇప్పటికే తవ్వి, ఆకుచెత్త ఎరువు వేసి ఉంచాను.